పాయె కాదు, పాయ్: మాహూర్ మెట్ల మీద మా అత్త పాదాలు

మహారాష్ట్రలోని మాహూర్ రేణుకాదేవి గుడికి ఏ రైలెక్కాలి, ఎక్కడ తినాలి, ఏ రోజు రద్దీ ఉండదు అని రాసినవాళ్లు బోలెడంత మంది ఉన్నారు. పాదాలకు స్పర్శ లేని మనిషిని వెంటబెట్టుకుని ఆ మెట్లు ఎలా ఎక్కాలో మాత్రం ఎవరూ రాసినట్టు నాకు కనబడలేదు. వెతికి వెతికి విసుగొచ్చింది. అందుకే వెళ్లి వచ్చి నేనే రాస్తున్నాను. మీ ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లుండి, వాళ్లకు షుగరుతో పాటు మొండితనం, మొక్కు కూడా ఉంటే, ఇది అచ్చంగా మీకోసమే. చివరిదాకా ఊరించడం నాకు చేతకాదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను, మేం గెలిచి వచ్చాం.

మేం అంటే నేనూ, మా మేనత్త సాయవ్వా. నేను నాందేడ్‌లో ఉంటాను. అత్తది తెలంగాణ సరిహద్దు ఊరు కుండల్‌వాడి. అరవై దాటిన మనిషి, అక్కడి బజారులో ఏళ్ల తరబడి ఎండుమిరపకాయలూ పసుపూ అమ్ముతోంది. ఇంట్లో తెలుగు, బేరానికి మరాఠీ, జీపు డ్రైవర్లతో హిందీ, తిట్టడానికి మూడూ కలిపి. రెండేళ్ల కింద ఒక ఎండాకాలం మధ్యాహ్నం బజారు నుంచి ఇంటికి నడిచొచ్చి చూసుకుంటే, ఒక కాలికి చెప్పు లేదట. ఎక్కడ జారిపోయిందో తెలియదు. కాలిపోతున్న తారు రోడ్డు మీద ఒట్టి కాలితో నడిచానన్న సంగతే ఆమెకు తెలియలేదు. ఇంట్లో అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. వారం తిరిగేసరికి బొటనవేలి కింద లేచిన బొబ్బ పగిలి పుండైంది. నొప్పి లేదు కదా అని పసుపద్ది, పాతగుడ్డ చుట్టి, మళ్లీ బజారుకు పోయింది. ఆ నొప్పి లేకపోవడమే అసలు జబ్బని మాకెవరికీ తెలియదు. పుండు వాసన రావడం మొదలయ్యాక గానీ నాకు ఫోన్ రాలేదు.

నాందేడ్‌లో నేను తీసుకెళ్లిన డాక్టరు మరాఠీ ఆయన. సరిహద్దు ఊళ్ల పేషెంట్లను చూసీ చూసీ కొంచెం తెలుగు పట్టుకున్నాడు. "ఏమైంది అవ్వా, ఎన్ని దినాలైంది?" అని చక్కగా తెలుగులోనే మొదలుపెట్టాడు. అత్త కూడా తెలుగులోనే చెప్పుకుంటూ పోయింది. కట్టు విప్పాడు. పాదం వంక చూశాడు. నర్సు వైపు తిరిగి, కాలు పైకి పట్టుకొమ్మని మరాఠీలో చెప్పబోయి, "పాయ్..." అని ఒక్క క్షణం ఆగాడు. మరాఠీలో పాయ్ అంటే కాలు. మా వైపు తెలుగులో పాయె అంటే పోయింది! ఇంకేముంది, అత్త గుండెలు బాదుకుంది. "పాయెనా? నా కాలు పాయెనా సారూ! ఓ అవ్వా, నా కాలు పాయెనే!" అని ఆస్పత్రి దద్దరిల్లేలా ఏడ్చింది. జీవితమంతా మరాఠీలో బేరాలాడిన మనిషికి ఆ క్షణంలో మరాఠీ ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. భయపడ్డ మనిషికి ఇంటి భాషే వినబడుతుంది కాబోలు. డాక్టరు బిత్తరపోయి, "అవ్వా, పాయె కాదు, పాయ్! కాలు! ఉన్నది, ఉన్నది!" అని రెండు చేతులూ ఊపాడు. ఇవాళ తలుచుకుంటే పొట్ట చెక్కలయ్యేలా నవ్వొస్తుంది. ఆ రోజు మాత్రం నేనూ ఏడ్చాను.

పుండు మానడానికి నెలలు పట్టింది. ఒక దశలో బొటనవేలు తీసేయాల్సి వస్తుందేమో అన్నారు, అదృష్టం, అంతదాకా పోలేదు. మానాక ఒకరోజు డాక్టరు అత్తను కళ్లు మూసుకోమని, సన్నని నైలాన్ దారం పట్టుకుని, "తాకినప్పుడు చెప్పు అవ్వా" అన్నాడు. అత్త కళ్లు మూసుకుని చాలాసేపు కూర్చుంది. చివరికి విసుక్కుంటూ, "ఎప్పుడు షురూ జేస్తవ్ సారూ?" అని అడిగింది. అప్పటికే ఆయన రెండు పాదాలూ తాకించడం పూర్తిచేసి దారం పక్కన పెట్టేశాడు. ఆ తర్వాత ఆయన చెప్పిన మాట ఒక్కటే. ఇంట్లో కూడా చెప్పుల్లేకుండా అడుగు వేయొద్దు, బతికున్నంత కాలం.

అక్కడే వచ్చింది తంటా. ఆస్పత్రి మంచం మీద పడుకుని అత్త ఎవరికీ చెప్పకుండా ఒక మొక్కు మొక్కుకుంది. "రేణుకమ్మా, నా కాలు నాకు ఉంచు తల్లీ, చెప్పుల్లేకుంట నీ మెట్లెక్కి అస్త." చూడండి విచిత్రం! కాలు నిలిచినందుకు మొక్కు తీర్చాలి, తీరిస్తే కాలు నిలవదు. మా నాన్న హుండీలో డబ్బులేసి చేతులు దులుపుకొమ్మన్నాడు. అత్త వినలేదు. "బజార్ల ఇచ్చిన మాటే నేను దప్పలే, అమ్మవారికిచ్చిన మాట దప్పుదునా?" అంది. ఏడాది పాటు ఇదే గొడవ. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని, మాట తప్పినందుకు రెండో కాలుకు కూడా ఏదో అవుతుందని ఆమెకు ఒకటే భయం. ఆ భయం నిజమైన భయం, నేను దాన్ని తేలిగ్గా తీసిపారేయలేకపోయాను.

చివరికి ఆ పంచాయితీ డాక్టరు గదిలో తెగింది. అత్త మిరపకాయల బేరానికి కూర్చున్నట్టు కాళ్లు ముడుచుకుని కుర్చీలో కూర్చుంది. "సారూ, నేను చెప్పుల్లేకుంట అని మొక్కిన. ఒట్టి కాళ్లతోని అని మొక్కలే. మరి పాయ్‌మోజాలు చెప్పులా?" అని అడిగింది. పాయ్‌మోజాలంటే మేజోళ్లు. డాక్టరు నవ్వాపుకుంటూ, మేజోడు చెప్పు కాదని ఒప్పుకున్నాడు, కానీ మేజోడు ఒక్కటే కాపాడదన్నాడు. అత్త వెంటనే తన కొత్త చెప్పు తీసి, లోపలుండే మెత్తటి రబ్బరు అట్టను వేలితో చూపించింది. "గిది మోజాల పెట్టుకుంట. పట్టీ లేదు, మడమ లేదు, గిది చెప్పెట్లయితది?" ఆయన ఆ అట్టను తీసుకుని వంచి చూశాడు. తరవాత షరతులు చెప్పాడు. రెండు తెల్ల మేజోళ్లు, మధ్యలో అట్ట. తెల్లవే ఎందుకంటే రక్తం చుక్క అంటినా కనబడాలి. రాయి వేడెక్కకముందే పొద్దున్నే ఎక్కాలి. జారకుండా మెట్ల పక్కనున్న ఇనప గొట్టం పట్టుకునే నడవాలి. మెట్ల మధ్య ఆగే జాగాలన్నింట్లోనూ కూర్చుని రెండు పాదాలూ చూసుకోవాలి. చర్మం మీద చిన్న గీత పడినా అక్కణ్నుంచే కిందికి దిగిపోవాలి, అమ్మవారు పది మెట్ల దూరంలో ఉన్నా సరే. అత్త ఒప్పుకుంది. బేరం కుదిరిందన్నట్టు ఆయన చేతిలో చెయ్యి వేసింది కూడా.

ఫిబ్రవరి మొదట్లో బయల్దేరాం. చలి పూర్తిగా పోలేదు, ఎండలు ముదరలేదు, పాదాలకు ఇంతకంటే మంచి కాలం లేదు. రద్దీ ఉండే మంగళ, శుక్రవారాలూ పౌర్ణమీ వదిలేసి దర్శనానికి బుధవారం పెట్టుకున్నాం. అత్త ముందు రోజు పొద్దున్నే కుండల్‌వాడి నుంచి యస్టీలో, అంటే మహారాష్ట్ర ప్రభుత్వ బస్సులో, నాందేడ్ వచ్చేసింది. మహారాష్ట్రలో ఆడవాళ్లకు యస్టీలో సగం టికెట్టే, అది మర్చిపోకండి. నాందేడ్ నుంచి ఆదిలాబాద్ వైపు వెళ్లే రైలు మధ్యాహ్నం ఎక్కాం. ముద్‌ఖేడ్, భోకర్, హిమాయత్‌నగర్ మీదుగా కిన్వట్‌కు మూడు గంటలు, అటూ ఇటూ. టికెట్ వంద రూపాయలకు లోపే. కాళ్లు అలా వేలాడేసి కూర్చుంటే వాచిపోతాయి కాబట్టి, అత్త ప్రతి పెద్ద స్టేషన్ దగ్గరా చీలమండలు గుండ్రంగా తిప్పేది, వేళ్లు ముడిచి విప్పేది. ఎదురుగా కూర్చున్న ముసలాయన కాసేపు చూసి, "ఏంది అక్కా, కాళ్లతోని మిషిన్ గుడుతున్నవా?" అన్నాడు. అత్త ఊరుకుంటుందా? "అవ్ తమ్మీ, నీకొక అంగీ కుట్టన్నా?" అంది. భోకర్ దాటేసరికి ఆయన కూడా చెప్పులు విడిచి వేళ్లు ముడుస్తూ కూర్చున్నాడు.

కిన్వట్‌లో దిగి ఆటోలో పక్కనే ఉన్న గోకుందకు వెళ్లాం. మాకు తెలిసినవాళ్ల ద్వారా అక్కడ ఒక చిన్న ఖానావళి, అంటే భోజనశాల, దాని మీద రెండు గదులు దొరికాయి. గది అద్దె ఐదు వందలు, తిండి వేరు. నడిపేది శాంతక్క అనే తెలుగావిడ, వంట కూడా ఆమే. సాయంత్రం అత్త కాళ్లు కడుక్కోవడానికి గోరువెచ్చని నీళ్లు కావాలంటే, పాపం శాంతక్క మర్యాద కొద్దీ పొగలు కక్కే బకెట్ తెచ్చి పెట్టింది. "మంచిగ కాళ్లు ముంచు పెద్దమ్మా, రైలు నొప్పులన్నీ పోతయ్" అంది. అత్త చీర కుచ్చిళ్లు పైకెత్తి, కాలు కాదు, మోచెయ్యి ముంచింది. వెంటనే కెవ్వుమని బయటికి లాగింది. "ఓయమ్మో! శాంతా, గివి కాళ్లకా, కోడి ఈకలు పీకనీకా?" శాంతక్క నోరు నొక్కుకుంది. అత్త ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. "నా కాళ్లు అబద్ధాలు జెప్తయ్ బిడ్డా. కాల్తున్నా సల్లగుందంటయ్. మోచెయ్యి అబద్ధం జెప్పది." చల్లనీళ్లు కలిపి, మళ్లీ మోచేత్తో చూసి, అప్పుడు కడుక్కుంది. నానబెట్టకూడదు, ఎక్కువసేపు నానితే చర్మం మెత్తబడి చిట్లుతుంది. కడగడం, మెత్తటి గుడ్డతో అద్దడం, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడవడం, మడమలకు కొబ్బరినూనె రాయడం, వేళ్ల సందుల్లోకి మాత్రం నూనె పోనివ్వకపోవడం. ఇది మా ఇంట్లో రోజూ సాయంత్రం జరిగే పూజ.

ఆ పూజకు మంత్రం కూడా ఉంది. అత్త కొంగుకు కట్టుకున్న చిన్న గుండ్రటి అద్దం తీసి నేల మీద పెట్టి, పాదం దాని మీదుగా తిప్పుతూ అడుగు భాగం చూసుకుంటుంది. నేను పక్కనుంటే పక్కనుంచి, లేకపోతే ఫోన్లో అడుగుతాను. "అత్తా, పాయ్?" ఆమె రెండు పాదాలూ చూసి జవాబిస్తుంది. "ఉన్నయ్!" డాక్టరు గదిలో ఏడ్చిన ఏడుపు మా ఇంట్లో ఇలా మంత్రమై కూర్చుంది. శాంతక్కకు ఈ కథంతా చెప్తే నవ్వీ నవ్వీ, జొన్నరొట్టె పెనం మీద మాడ్చేసింది. మాడనివి వంకాయ కూరతో తిన్నాం, బ్రహ్మాండంగా ఉన్నాయి.

తెల్లవారుతుండగా జీపు వచ్చింది. కిన్వట్ నుంచి మాహూర్‌కు యస్టీ బస్సులున్నాయి, సగం టికెట్టుతో అదే చవక. కానీ తొలి బస్సు కోసం కూర్చుంటే రాయి వేడెక్కేలోపు ఎక్కడం మా వల్ల కాదు. అందుకని పంచుకునే జీపులో మనిషికి వంద చొప్పున మాట్లాడుకున్నాం. ధరలు మారుతుంటాయి, అడిగి ఎక్కండి. డ్రైవరు సలీం భాయ్, నలభై ఏళ్లుంటాయి, అత్త తెల్ల మేజోళ్ల మీద చెప్పులు వేసుకోవడం అద్దంలోంచి చూసి, "క్యా అమ్మా, స్కూల్ జారే క్యా?" అని, బడికి పోతున్నావా అన్నట్టు నవ్వాడు. "హౌ బేటా, పరీక్ష హై ఆజ్" అంది అత్త. టేకు చెట్ల మధ్య ఎత్తుపల్లాల రోడ్డు, గంటన్నర ప్రయాణం. మధ్యలో చాయ్‌కి ఆపినచోట అందరం దిగాం. తిరిగి ఎక్కేముందు అత్త చెప్పులు విప్పి, లోపల చెయ్యి పెట్టి తడిమి, బోర్లించి దులిపింది. ఒక శనగగింజంత రాయి రాలింది. సలీం భాయ్ దాన్ని చేతిలోకి తీసుకుని చూశాడు. "ఇత్తాసా పత్థర్, అమ్మా?" అన్నాడు, ఇంత చిన్న రాయికేనా అన్నట్టు. "గంతదే నన్ను ఆస్పత్రిల పండవెడ్తది" అంది అత్త తెలుగులో. ఆయనకు అర్థమైంది. తనకూ షుగరుందని, క్లచ్చు మీద కాలు తిమ్మిరెక్కుతోందని, డాక్టరుకు చూపించలేదని మెల్లగా బయటపెట్టాడు. మాహూర్ వచ్చేదాకా అత్త ఆయన్ను వదల్లేదు. దిగేటప్పటికి, ఆదివారం తప్పకుండా కాళ్లు చూపించుకుంటానని ఆయనతో ఒట్టు వేయించుకుంది.

మేం మెట్ల మొదట్లోకి చేరేసరికి ఎండ ఇంకా వాటి మీదికి రాలేదు. రెండు వైపులా కొబ్బరికాయలు, గాజులు, కుంకుమ అమ్మే దుకాణాలు, అప్పుడే తెరుస్తున్నారు. రోట్లో తమలపాకులు దంచే చప్పుడు వినబడుతోంది. అమ్మవారికి తాంబూలం ఇక్కడ పెద్ద ప్రసాదం. ఒక దుకాణం ముందు బల్ల మీద కూర్చోబెట్టి అత్తకు మేజోళ్లు సర్దాను. లోపలి మేజోడు ముడతలు లేకుండా లాగి, దాని కింద రబ్బరు అట్ట, పైన రెండో మేజోడు. పైపట్టీ బిగుతుగా ఉండకూడదని ముందే కత్తిరించి తెచ్చాం. చెప్పులు దుకాణం ఆవిడకు అప్పజెప్పాం. అత్త లేచి నిలబడింది. మొదటి మెట్టుకు చేత్తో దండం పెట్టుకుని, చెయ్యి గొట్టం మీద వేసింది. కాలు మాత్రం ఎత్తలేదు. "భయమైతుందా అత్తా?" అని అడిగాను. "ఐతుంది బిడ్డా. మాట తప్పితె ఒక భయం, కాలు పోతె ఒక భయం. నడు" అంది.

మెట్లు మరీ నిటారు కావు, కానీ రాళ్లు అరిగి నున్నగా ఉన్నాయి. నేను రెండు మెట్లు ముందు నడుస్తూ కొబ్బరి పెంకులూ పుల్లలూ కాలితో పక్కకు తోస్తున్నాను. మొదటి ఆగే చోటికి రాగానే అత్త కూర్చుంది. పై మేజోడు, అట్ట, లోపలి మేజోడు, అన్నీ విప్పడం, అద్దంలో చూడడం. పాయ్? ఉన్నయ్. మళ్లీ తొడగడం. రెండో చోట మళ్లీ అదే. పైనుంచి దిగే జనం మమ్మల్ని వింతగా చూస్తూ వెళ్తున్నారు. మూడో చోటికి వచ్చేసరికి గుడి శిఖరం కనబడింది, గంటలు వినబడుతున్నాయి, ఎండ కూడా మెల్లగా మెట్ల మీదికి దిగుతోంది. "అత్తా, ఇంకెంతో దూరం లేదు, పైకి పోయాక చూద్దాం" అన్నాను. "కూసో" అంది అత్త. 

కూర్చుని కుడి పాదం పైకెత్తింది.  అరికాలి కింద, మడమకు కొంచెం ముందు, తెల్ల మేజోడు మీద ఎర్రటి మరక! దాని నడుమ వేలిగోరంత కొబ్బరి పెంకు ముక్క గుచ్చుకుని ఉంది. నేను తోసిన పెంకుల్లో ఒకటి తప్పించుకుంది. అత్త మొహం పాలిపోయింది. నన్ను చూసింది, గుడిని చూసింది, మళ్లీ పాదాన్ని చూసింది. "పాయె" అంది గొంతులోనే. ఈసారి తెలుగులోనే అంది.  పెంకు మెల్లగా లాగాను. పై మేజోడు విప్పాను. రబ్బరు అట్టకు గాటు పడింది, పెంకు మొన అట్ట సగందాకా దిగింది. అట్ట తీశాను. లోపలి మేజోడు తెల్లగా ఉంది. మల్లెపువ్వులా తెల్లగా! దాన్ని కూడా విప్పి, అద్దం పెట్టి, వెలుతురుకు తిప్పి చూశాం. చర్మం మీద గీత కాదు కదా, గుర్తు కూడా లేదు. ఎర్ర మరకను వేలితో రుద్దాను. కుంకుమ! మెట్ల మీద రాలిన కుంకుమ!

నేను పగలబడి నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను. అత్త అయితే ఆ పెంకు ముక్కను అరచేతిలో పట్టుకుని, గుడి వైపు చూపించి, "సూసినవా తల్లీ! నా కాలు జోలికి అచ్చింది, నా అట్ట దాటలే!" అని గట్టిగా అరిచింది. మా చుట్టూ జనం మూగారు. ఎవరికో దెబ్బ తగిలిందనుకుని ఒక మరాఠీ ఆవిడ పరుగున వచ్చి, "కాయ్ ఝాలం ఆజీ?" అని, ఏమైంది అవ్వా అన్నట్టు అడిగింది. అత్త మరాఠీలోకి మారిపోయింది, ఇక ఆగలేదు. ఏమీ కాలేదని, ఏమీ కాలేదు కాబట్టే అరుస్తున్నానని చెప్పింది. అద్దం చూపించింది, అట్టకు పడ్డ గాటు చూపించింది, స్పర్శ లేని పాదం సంగతి చెప్పింది. గోళ్లు మూలలు కోయకుండా నేరుగా కత్తిరించాలంది. ఆనెలు బ్లేడుతో గీకితే ఖబడ్దార్ అంది. ఆ మరాఠీ ఆవిడ మొహమాటపడుతూ మెట్టు మీద కూర్చుని, తన మడమ పగుళ్లు చూపించింది. ఇంకొకావిడ కూర్చుంది. చూస్తుండగానే కొండ మీద మూడో మలుపులో మా అత్త పాదాల దవాఖానా తెరిచింది. నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. రెండేళ్ల కింద ఇదే మనిషి పుండును గుడ్డలో దాచుకుని తిరిగింది.

మిగతా మెట్లు ఆమె ఎక్కలేదు, ఎగిరిందంటే నమ్మండి. బుధవారం కావడంతో వరుస చిన్నదే, అరగంటలో దర్శనమైంది. రేణుకమ్మ ఇక్కడ ముఖమే, నిండుగా కుంకుమ, పెద్ద కళ్లు. అత్త ఏం మొక్కుకుందో నాకు వినబడలేదు, పెదవులు మాత్రం చాలాసేపు కదిలాయి. మధ్యలో ఒకసారి పాదం వైపు చెయ్యి చూపించింది, అంటే లెక్క అప్పజెబుతోందన్నమాట. బయటికి వచ్చి నీడలో కూర్చోగానే, "డాక్టరుకు ఫోన్ గొట్టు. బొమ్మ కనవడే ఫోన్" అంది. వీడియోలో డాక్టరు మొహం కనబడగానే అత్త తన మొహం చూపించలేదు. మేజోళ్లు విప్పేసి రెండు అరికాళ్లూ ఫోనుకు ఎదురుగా పెట్టేసింది! పాపం, ఆయన చాయ్ తాగుతున్నట్టున్నాడు. కాసేపు దగ్గి, కళ్లజోడు సవరించుకుని, అటు తిప్పు ఇటు తిప్పు అని శ్రద్ధగా చూశాడు. ఆ మొదటి రోజు నుంచీ ఆయన అత్త ముందు ఆ మరాఠీ మాట పొరపాటున కూడా అనడు. "కాలు మంచిగున్నది అవ్వా" అన్నాడు తెలుగులో, జాగ్రత్తగా. అత్త ఒప్పుకోలేదు. "గట్ల గాదు సారూ. మరాఠీల జెప్పు. అప్పుడు జెప్పినవ్ సూడు, గదే మాట అను." ఆయన నవ్వి, "పాయ్ బరా ఆహే, ఆజీ. ఎక్‌దమ్ బరా" అన్నాడు. అత్త కొంగుతో కళ్లు తుడుచుకుంది. "పాయె సారూ" అంది. "ఇయ్యాల పాయె. నా భయం పాయె!" ఫోను అవతల ఆయన కూడా కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

దిగడం ఎక్కడం కంటే కష్టం, వేళ్ల మీద బరువు పడుతుంది, అందుకని పక్కకు తిరిగి ఒక్కో మెట్టే దిగాం, ప్రతి మలుపులోనూ మళ్లీ తనిఖీ. కింద దుకాణం ఆవిడ చెప్పులు ఇస్తూ ఇంతసేపయిందేమని అడిగింది. "మేము కాళ్లకు కూడ దర్శనం జేయించినం" అంది అత్త, చెప్పుల్లో చెయ్యి పెట్టి తడుముకుంటూ. తాంబూలం కొనుక్కున్నాం, దంచినది, ఇరవై రూపాయలకు ఆకు పొట్లం. అత్తకు తీపి తగ్గించి అడిగాను. మాహూర్ నుంచి నాందేడ్‌కు నేరుగా యస్టీ బస్సుంది. నాలుగైదు గంటల ప్రయాణం కాబట్టి మధ్యాహ్నం లోపే ఎక్కేయండి. బస్సులో అత్త తలను నా భుజానికి ఆనించి హాయిగా నిద్రపోయింది. ఏడాదిగా ఆమె అంత గాఢంగా నిద్రపోవడం నేను చూడలేదు.

ఇన్ని ప్రయాణాలు చేశాను, ఏ ఊరు వెళ్లినా కొండలూ కోటలూ నదులూ చూసి వచ్చాను. నన్ను అక్కడిదాకా మోసుకెళ్లిన పాదాలను మాత్రం ఒక్కసారీ వంగి చూడలేదు. అవి నొప్పి పెడితేనే గుర్తొస్తాయి, నొప్పి చెప్పడం మానేస్తే ఇక అడిగే నాథుడే ఉండడు. మా అత్తకు అమ్మవారు కాలు ఇచ్చిందో, డాక్టరు ఇచ్చాడో, ఆ అట్టముక్క ఇచ్చిందో నాకు తెలియదు. ఆమె మాత్రం ముగ్గురికీ తలా ఒక కొబ్బరికాయ కొట్టింది. మీకు ఒక్కటంటే ఒక్క సలహా ఇస్తాను. ఎక్కడికి వెళ్లినా సంచిలో అరచేతి అంత అద్దం ఒకటి వేసుకోండి, రోజూ పడుకునే ముందు దాన్ని నేల మీద పెట్టి రెండు అరికాళ్లూ చూసుకోండి. మర్చిపోతారేమోనని భయముంటే మా అత్త నంబరు అడగకండి, ఆమెకు ఇప్పటికే సలీం భాయ్, శాంతక్క, రైలు ముసలాయన, అందరూ ఫోన్లు చేస్తున్నారు. నిన్న సాయంత్రం అలవాటు కొద్దీ నేనే చేశాను. "అత్తా, పాయ్?" అన్నాను. "నాయి రెండూ ఉన్నయ్" అంది. వెంటనే, "మరి నీయి సూస్కున్నవా బిడ్డా?" అని అడిగింది.